తలుపు వైపు అక్షరాలు

మేమంతా అన్నగా పిలిచే ఇనాసేట్టన్ బస్సుల మీద పేర్లు రాసేవాడు. త్రిశూర్ నుంచి కొడుంగల్లూరు దాకా తిరిగే బళ్ళలో సగం ఒకప్పుడు ఆయన చేతివే. వాటిలో ఒకదానికి నేను కండక్టర్ని.

మా మలయాళం అక్షరాలు పనసకాయల్లా గుండ్రనివి. ఆయన వాటిని ఈస్టరు ఉపవాసానికి కూర్చోబెట్టినట్టు సన్నగా చేసేవాడు. గీత మాత్రం లావు. తోకలుండవు. వంకీలుండవు. డ్రైవరు వైపువన్నీ కుడికి వాలి ఉంటాయి.

"పొద్దుటి ట్రిప్పులో నువ్వు జనాన్ని పక్కకి తిరిగి నిలబడమనవూ? నేనూ అంతే," అనేవాడు.

మంచు పట్టిన ఉదయాల్లో, నీళ్ళు నిలిచిన పొలాల మధ్య, ముందుగా బస్సు కనపడేది కాదు. పేరొక్కటే తేలుతూ వచ్చేది.

మా ఓనరు, అందరూ పెద్దక్కలా చేడత్తి అని పిలిచే థ్రేస్య, కొత్త బండి కొన్నది. ఇంకో రెండు రావాలి.

"రెండు వైపులా వాలు అక్షరాలే కావాలి, ఇనాసూ. చేతకాకపోతే చెప్పు. మిగతా రెండూ స్టిక్కర్ల కొట్టుకిస్తాను."

ఊళ్ళో అందరూ అప్పటికే ఆ కొట్టుకు మారారు. ఆయనకు మిగిలింది చేడత్తి బళ్ళే.

డ్రైవరు వైపు 'అమలోద్భవ' అన్న మేరీమాత పేరు చక్కగా కుదిరింది. నిలబడ్డ బండి పరుగెడుతున్నట్టుంది. తలుపు వైపు ఆయన ఎప్పుడూ నిటారుగానే రాసేవాడు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు. ఆ రోజు తెలిసింది. అటువైపు బండి ముందుభాగం ఎడమకు వస్తుంది. కుడికి వాల్చి రాసేసరికి అక్షరాల తలలు వెనక చక్రం వైపు వాలాయి.

డ్రైవరు సుగుణన్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇనాసేట్టా, అటు నుంచి చూస్తే కొడుంగల్లూరు పోతోంది. ఇటు నుంచి చూస్తే రివర్సులో త్రిశూర్ పోతోంది. మన కండక్టరు టికెట్టు ఎటు కొట్టాలి?"

ఆయన కిరసనాయిలుతో తుడిచి, తలలు ఎడమకు వంచి రాశాడు. అక్షరాలు వెల్లకిలా పడుతున్నట్టున్నాయి. చదవబోతే కన్ను తడబడింది. అదీ తుడిచేశాడు.

రెండు రోజులు బ్రష్షు ముట్టలేదు. మా షెడ్డు ఎదుటి స్టాపులో కూర్చుని, వచ్చే బళ్ళను, కిటికీల్లో మనుషులను చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి, మొదట రాసినట్టే మళ్ళీ రాశాడు.

చేడత్తి వచ్చింది. "మళ్ళీ వెనక్కేగా వాలాయి?"

"స్టాపులో నిలబడండి చేడత్తీ. సుగుణా, బండి ఒక్కసారి ఇటు పోనియ్యి."

బండి మెల్లగా కదిలింది. మా ముందు నుంచి సాగిపోయింది. అక్షరాల తలలు వెనక్కి ఎగురుతున్నాయి, కిటికీ పక్క కూర్చున్నవాళ్ళ జుట్టులా. ఎండలో పేరు పేరంతా ఏదో నీటిలోంచి పోతున్నట్టుంది.

"గాలి," అంది చేడత్తి.

"అటు పరుగు. ఇటు గాలి," అన్నాడాయన.

సుగుణన్ బండి తిప్పుకొచ్చి తల బయట పెట్టాడు. "ఆగినప్పుడు మాత్రం రివర్సే చేడత్తీ."

"అయితే ఆపకు," అంది ఆమె. తర్వాత ఇనాసేట్టన్ వైపు తిరిగింది. "మిగతా రెండూ వచ్చే నెల వస్తాయి. రంగులు తెప్పించుకో."

ఆయన తల ఊపి, బ్రష్షు ముండు పంచె అంచుకు తుడుచుకుంటూ ఉండిపోయాడు.