నేను తెచ్చిన ఫాస్ఫేట్ రాయి

ఆ రాయిని మా దుకాణానికి తెచ్చింది మా బావ కాదు, నేను. ఇంత చిన్న మాట ఇన్నేళ్లూ నా నోట్లోనే ఉండిపోయింది.

పత్తర్‌గట్టిలో మాది బట్టల దుకాణం. అప్పట్లో నాకు షేర్ల పిచ్చి కొత్తగా పట్టింది. పెద్ద కంపెనీలను అందరూ కొంటారు, అందులో మజా ఏముంది? ఎరువులకు కావలసిన ఫాస్ఫేట్ రాయి కోసం రాజస్థాన్‌లో బోర్లు వేయిస్తున్న ఓ చిన్న కంపెనీ నా కంటపడింది. గని ఇంకా లేదు, దొరుకుతుందన్న ఆశే వాళ్ల సరుకు. ఒక హోటల్లో మీటింగు పెట్టి, బిర్యానీ తినిపించి, వెళ్లేటప్పుడు తలా ఒక రాయి చేతిలో పెట్టారు. బోరులో పడిన రాయట. బూడిద రంగు, జామకాయంత సైజు. రుమాలులో చుట్టి పదిలంగా తెచ్చాను.

డబ్బు పెట్టాల్సింది మా నాన్న, బాపు. నాకు నలభై దాటినా, నేను అడిగితే ఆయన దుకాణం మెట్లు దింపేస్తాడు. అల్లుడంటే మాత్రం గౌరవం. అందుకే రాయిని బావ చేతిలో పెట్టాను.

"నువ్వే చెప్పు బావా. నీ మాటైతే బాపు కాదనడు."

"రాళ్ల గురించి నాకేం తెలుసు రా బామ్మర్దీ?"

"నాకు మాత్రం ఏం తెలుసు? పట్టుకొని చూడు, ఎంత బరువున్నదో!"

బాపు దాన్ని బట్టలాగే వేళ్ల మధ్య రుద్ది చూసి, "మాల్ మంచిగనే ఉన్నది" అన్నాడు. బట్ట తాను మొత్తం విప్పి చూడందే కొనొద్దని నాకు నేర్పిన మనిషి, ఒక్క ముక్క చూసి గనికి డబ్బు పెట్టేశాడు.

రాయి మంచిగా పడింది ఆ ఒక్క బోరులోనే. మిగతా వాటిలో పొర పలచబడింది. కంపెనీ పని ఆపేసింది, షేరు అడుక్కి పోయింది. "ఈ రాయి ఎవరు తెచ్చిండ్రు?" అని బాపు అడిగిన రోజు, గిరాకీ లేకున్నా నేను బట్ట కొలుస్తూ కూర్చున్నాను. బావ నా వైపు ఒకసారి చూసి, "నేనే మామా" అన్నాడు.

అప్పటినుంచి అది 'అల్లుని రాయి'. బిల్లులు ఎగరకుండా గల్లా మీద కూర్చుంది. అక్క ఒకసారి దాన్ని గులాబీ కుండీలో పెట్టింది. "ఎరువు రాయి గదా, పువ్వన్న పూయిస్తదేమో!" పూయలేదు. అందరం నవ్వాం. నేను ఇంకా గట్టిగా నవ్వాను.

ఈ మధ్య బాపు దబీర్‌పురాలో రెండో దుకాణం చూశాడు. బావ వద్దన్నాడు.

"వాన పడితే ఆ గల్లీల మోకాళ్ల దాక నీళ్లు మామా. మాలంత ఖరాబైతది."

"మీరు రాళ్ల సంగతి చూస్కోండ్రి అల్లుడుగారూ. దుకాణం ఫికర్ నాకిడిసిపెట్టుండ్రి."

బావ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ గల్లీలో నా స్కూటరే ఒకసారి నీళ్లలో ఆగిపోయింది. బావ చెప్పింది నిజం. అడ్వాన్సు ఇవ్వడానికి బాపు లేవబోతుంటే, గల్లా మీది రాయి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది తెచ్చింది నేను బాపూ. బావతోని చెప్పించింది గూడ నేనే."

బాపు రాయిని, నన్ను మార్చి మార్చి చూశాడు. "మరి గిన్నేండ్లు ఏం జేసినవ్ రా?"

"బట్ట కొలిచిన."

బావ పగలబడి నవ్వాడు. బాపు మళ్లీ కూర్చుని, "నీళ్లు ఏడి దాక వస్తయంటిరి అల్లుడుగారూ?" అని అడిగాడు.

నేను బావ వైపు తిరిగాను.

"తప్పైంది బావా. ఆ రోజు నువ్వు నా దిక్కు చూసినప్పుడే చెప్పాల్సింది. మాఫ్ చెయ్యి."