మెట్టు మీది తీర్థం గిన్నె

పూజారులంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. అయినా బస్సు మొరాయించి, బాగుపడేసరికి నాలుగు గంటలు పడుతుందంటే, ఎండలో నిలబడలేక టైర్ల కొట్టు పక్కనున్న గుళ్లోకి దూరాను.

కొట్టుకీ గుడికీ ఒకటే గోడ. రబ్బరు కంపూ అగరొత్తుల వాసనా కలిసి ముక్కు పగిలిపోతోంది. గర్భగుడి ముందు అరుగులాంటి నడుమెత్తు రాతిమెట్టు, దాని నట్టనడుమ తీర్థం గిన్నె. నా చేతిలో కళ్లద్దాల శాంపిళ్ల పెట్టె. కింద పెడదామంటే నేలంతా తడి. గిన్నెని రెండు జానలు స్తంభం వైపు నెట్టేసి, ఆ చోట పెట్టె పెట్టాను. బస్సు ఆగిపోయిందని ఫోన్లో మేనేజరుతో మాట్లాడుతూనే ఉన్నాను.

"ఫోను ఆపు నాయనా. దేవుడికి మెల్లగా చెప్పినా వినపడుతుంది, మీవాడికే చెవుడేమో!" లోపల్నుంచి పూజారి, తలైనా తిప్పకుండా.

ఒళ్లు మండిపోయింది. ఇక నోరు విప్పితే ఒట్టు అనుకుని నిలబడ్డాను.

అరవై దాటిన బక్కమనిషి. హారతి పట్టుకుని వచ్చి, మెట్టు మీద చెయ్యి ఆనించాడు. నా పెట్టె తగిలి ఆగాడు. గిన్నె చేతికి తగిలాక దాని వెనకాల నిటారుగా నిలబడ్డాడు. హారతి ఎవరికిచ్చాడనుకున్నారు? స్తంభానికి! నేను చెయ్యి చాపితే తీర్థం చొక్కా చేతి మీద పోశాడు. శఠగోపం తీసుకొచ్చి భుజాన మోపాడు. ఓరి నీ పొగరు కాలా, మనిషిని చూడ్డానికి కూడా నామోషీయే!

"కాస్త మొహం చూసి ఇవ్వచ్చుగా పంతులూ?" అన్నాను, ఒట్టు గట్టున పెట్టి.

"నువ్వొచ్చింది ఆయన మొహం చూడ్డానికా, నా మొహమా?"

ఊరుకుంటానా? సరాసరి టైర్ల కొట్లోకి వెళ్లాను. ఆ కొట్టు యజమానే గుడి ధర్మకర్త అని గోడ మీద ఇంతింత అక్షరాల్లో రాసుంది. "నేను కళ్లద్దాల కంపెనీ మనిషిని, పదూళ్లు తిరిగేవాణ్ణి, ఇంత అవమానం ఎక్కడా పడలేదు" అని జరిగిందంతా ఏకరువు పెట్టాను.

ఆయన గ్రీజు చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఈయనకి చూపు పోయిందని నాకు ఎప్పట్నుంచో అనుమానం. పని మానుకోండి, మీరుంటున్న వెనక గది ఖాళీ చెయ్యండి, కొత్తాయన్ని పెట్టుకుంటానంటే, నాకు బ్రహ్మాండంగా కనబడుతోందంటాడు." గుళ్లోకొచ్చి నావైపు తిరిగాడు. "ఇది మీ విద్యే కదా సార్. చూసి చెప్పండి. మీ మాటే ఖాయం."

మూలన పూలు కడుతున్న పూజారి భార్య చేతిలో దారం ఆగిపోయింది.

పూజారి గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. కళ్ల ముందు వేలు ఆడించాను. రెప్ప కదల్లేదు. మనిషి మెట్టు దిగే తీరు చూసి పవర్ చెప్పేస్తానని ముప్పై ఏళ్లుగా డప్పు కొట్టుకునేవాణ్ణి, గుమ్మంలోనే తెలియాల్సింది. వెక్కిరించడానికే తీరిక చాల్లేదు మరి! నా నోట్లో నువ్వుగింజ నానదు. "రెండు కళ్లకీ చూపు లేదు. ఏ అద్దాలూ పనికిరావు" అనేశాను, పరీక్షలో ఫస్టొచ్చినవాడిలా.

"రేపు గది తాళం ఇచ్చెయ్యండి" అన్నాడు ధర్మకర్త.

"చూపు పోయిన ఈ ఆరేళ్లలో ఒక్కరికీ తీర్థం తప్పలేదు బాబూ," ఆవిడ లేచి వచ్చింది. "గిన్నె ఎక్కడుంటే దానికి ఎదురుగా మనిషి ఉంటాడు, అదే ఈయన గుర్తు. పొద్దున్న నా చేత్తో నడుమ పెట్టాను. ఎవరు జరిపారో..."

అందరం మెట్టు వైపు చూశాం. నడుమ నా పెట్టె. నువ్వుగింజ నానని నోట్లో ఇప్పుడు బండరాయి నానుతోంది. నేనే జరిపానమ్మా, తప్పు నాది, ఆయనది కాదు అంటే పోయేదేముంది?

పూజారి నావైపు తిరిగాడు, ఈసారి సరిగ్గా నా మొహం వైపే. "పెట్టె తీసుకో నాయనా. బస్సు తప్పిపోతుంది."

తీశాను. ఆయన గిన్నెని తడిమి పట్టుకుని దాని చోట్లో పెట్టుకున్నాడు.

'నేనే జరిపాను' అన్న రెండు ముక్కలూ, ఛీ, నా బతుకు చెడ, బస్సు నాలుగు మైళ్లు పోయాక నోటికొచ్చాయి. పక్క సీటాయనకి చెప్పాను.