ఇద్దరు డోరతీలు

మొన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాఫీ షాపు అమ్మాయి వేడి కప్పు పైకెత్తి "పెంటాయా!" అని కేకేసింది. డోరతీ గుర్తొచ్చింది. అమెరికాలో నన్ను పెంటయ్యా అని పూర్తిగా పిలిచిన మొదటి మనిషి ఆవిడే. అంతకుముందు అందరికీ నేను 'పెన్'ని.

ఎమ్మెస్ చదువుతుండగా యూనివర్సిటీ లైబ్రరీలో, స్థానిక చరిత్ర గదిలో పని దొరికింది. ఆ గది బాధ్యత డోరతీది. డెబ్బై దాటిన మనిషి. "మేడమ్ అనకు, డోరతీ అను చాలు" అని ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి రాలేదు, డోరతీ మేడమ్ అనేవాణ్ణి. ఆవిడ పూర్వీకులు ఇంగ్లండ్‌లో ఏదో చిన్న పల్లె వాళ్లట. ఆ ఊరి చర్చి రిజిస్టర్లలోని బాప్తిస్మాలు, చావులు నాచేత కంప్యూటర్‌లోకి ఎక్కించేది. ఒకే ఇంట్లో థామస్ అనే పిల్లాడు మూడుసార్లు పుట్టినట్టుంది. రాసినవాడి తిక్క కాబోలనుకుని రెండు కొట్టేశాను.

"వాళ్లిద్దర్నీ మళ్లీ ఎక్కించు. అది తప్పు కాదు. పెద్ద థామస్ పోతే తర్వాతి బిడ్డకి అదే పేరు పెట్టారు. వాడూ పోయాడు."

"పోయిన తాత పేరు మేమూ పెడతాం మేడమ్. పోయిన బిడ్డ పేరు పెడతారా ఎవరైనా!"

ఆవిడ కళ్లజోడు తీసింది. "నాకు పెట్టారుగా, మా అక్క పేరు. చిన్నప్పుడు సమాధి రాయి మీద నా పేరు నేనే చదువుకున్నాను. అమ్మ దాని ముందు కూర్చుని డోరతీ, డోరతీ అని ఏడుస్తోంది. పక్కనే ఉన్న నేను, ఏంటమ్మా అన్నాను. తిరిగి చూడలేదు."

ఆ తల్లులు రెండో బిడ్డను ఎవరనుకుని పెంచారో తెలుసుకోవాలని ఆవిడ తపన. అది రిజిస్టర్లో ఎక్కడుంటుంది, నా మొహం! నాకు మతి పోయింది. అంతలో "నీ పేరుకి అర్థమేంటి?" అంది. చెత్తకుప్ప అన్నాను. నాకు ముందు ఇద్దరు దక్కలేదని, నన్ను పెంట మీద పడుకోబెట్టి తీసుకున్నారని, ఇంత హీనమైన పేరుంటే చావు కన్నెత్తి చూడదని నమ్మారని చెప్పాను. ఉద్యోగాల వేటలో పడేలోగా పాస్‌పోర్ట్‌లో పేరు మార్చేసుకుంటున్నానని కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"మార్చుకో. కానీ ఆ పేరుతో మీ అమ్మ పిలిచేది నిన్నే కదా" అంది.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్ చేసి పేరు సంగతి చెప్పాను. "మార్చుకోరా! బతికి బట్టకట్టావుగా, ఇంకా భయమేంటి?" అంది. అంతలోనే, "ఇంకొన్నాళ్లు ఆగరాదూ?" అంది. ఆ కొన్నాళ్లు ఎప్పటికి తీరతాయో నేనడగలేదు. అందులో ప్రేమెంతో, భయమెంతో నాకిప్పటికీ అంతుపట్టలేదు. పాస్‌పోర్ట్‌లో మాత్రం ఇంకా పెంటయ్యనే.

డోరతీ పోయాక అక్క పక్కనే పూడ్చారు. పూలు పట్టుకుని వెళితే రెండు రాళ్ల మీదా ఒకటే పేరు. ఏది ఎవరిదో తేదీలు చెబుతున్నాయి కానీ, డోరతీ అంటే ఇద్దర్నీ పిలిచినట్టే. చివరికి "డోరతీ మేడమ్" అని పిలిచాను. అలా పిలిపించుకున్నది ఆవిడొక్కతే.

కాఫీ షాపు అమ్మాయి మళ్లీ కేకేసింది. నేనేనంటూ చెయ్యెత్తాను.