మా ఇంటి మగదిక్కు, మిర్యాం

"అమ్మా, మీ మనుమడు పోయిండు. డ్యూటీకి లేపితే లేస్తలేడు."

నిన్న పొద్దున ఫోన్‌లో ఎవరో నిజామాబాద్ కుర్రాడు.

నాకు మనవళ్ళు లేరు బాబూ, రాంగ్ నంబర్ అనబోయాను.

అప్పుడు తట్టింది. అతను మిర్యాం రూమ్మేట్. దోహాలో ఆమెను అందరికీ మనవడని పరిచయం చేసింది నేనే.

మనవాళ్ళ గ్రూపులో ఈ పోస్టు పెడుతున్నాను. స్పెల్లింగ్ తప్పులు దిద్దకండి. రిటైర్డ్ టీచర్‌ని, నాకూ కనిపిస్తున్నాయి.

మిర్యాం మా ఆడపడుచు మనవరాలు. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, పాస్‌పోర్ట్‌లో మగపేరు. వెస్ట్ బే ఆఫీసుకి ప్యాంటూ షర్టూ.

గుంటూరు జిల్లాలోనే మన యూదు కుటుంబాలు గుప్పెడు. ఇక దోహా సంగతి చెప్పాలా? నర్సు ఉద్యోగం చేసే మా అమ్మాయికి శుక్రవారాలు డ్యూటీ. ఆ సాయంత్రం మొదలయ్యే మన విశ్రాంతి దినం, షబ్బాత్‌కి మా అల్ మన్సూరా ఫ్లాట్‌లో నేనూ మిర్యామే.

ఆఫీసు పార్టీలో బిర్యానీలో చికెన్ పెరుగులో నానిందని ముట్టని పిల్ల. మాంసం, పాలు కలపకూడదని నాకే గుర్తుచేసేది.

కర్టెన్లు వేశాక చుడీదార్‌లోకి మారి, తలమీద చున్నీతో వచ్చేది.

మనలో షబ్బాత్ దీపాలు ఆడవాళ్ళవి. ద్రాక్షరసం గిన్నె పట్టి ఆశీర్వాదం చదవడం మగవాళ్ళ అలవాటు.

"మామ్మా, ఇవ్వాళ దీపం నేను వెలిగించనా?"

"మరి గిన్నె ఎవరు పడతారే? ఇంటికి మగదిక్కువి నువ్వే."

"'ఒసే', 'ఏమే' అని నన్ను పిలుస్తూనే మగదిక్కంటావు. పిల్లలకి ఇలాగే చెప్పావా పాఠాలు?"

నవ్వింది. గిన్నె అందుకుంది.

ఆశీర్వాదం ఆడవాళ్ళూ చదవొచ్చు. నాకు తెలుసు.

కానీ ఆమె గొంతు అచ్చం పోయిన మా ఆయన గొంతు. వారానికోసారి వినాలని నా ఆశ.

ఆ గొంతంటే ఆమెకు అసహ్యం. అదీ తెలుసు.

అయినా ప్రతి వారం చదివించుకున్నాను.

ఆమెను ఊరికి పంపుతున్నారు. నిన్న సాయంత్రం మా ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"మగవాళ్ళకి చెప్పానే, వాడికి ఆఖరి స్నానం చేయించడానికి," అంది.

"వద్దు వదినా. ఆడపిల్లకి ఆడవాళ్ళం చేయించాలి. నువ్వూ నేనూ."

"ఊళ్ళో తలెత్తుకోనిస్తారా?"

"దించుకునే చేయిద్దాం. నీళ్ళు పోయడానికి తలెత్తక్కర్లేదు."

ఏడ్చింది. సరేనని అనలేదు. కాదనీ అనలేదు.

నేను టికెట్ తీసుకున్నాను. మీలో ఎవరైనా వస్తే ఇంకో రెండు చేతులు. మగవాళ్ళు గుమ్మం బయట ఉండండి.

'పాపం అబ్బాయి' అని కామెంట్ పెట్టకండి. నేను చేసింది చాలు.

వెళ్ళిరా మిర్యాం. వరసలో నీకంటే ముందు నేనుండాల్సింది.

హాయిగా నిద్రపో తల్లీ.