చందరన్న మోకాలు

చందరన్న మోకాలు ఎలా దెబ్బతిన్నదని ఇద్దరు మనుషులు అడిగితే ఇద్దరికీ ఒకే జవాబు రాదు. ఒకే మనిషి రెండుసార్లు అడిగినా రాదు.

వరంగల్‌లో ధాన్యం మార్కెట్‌కు పోయే దారిలో మా దుకాణాలు పక్కపక్కనే. నాది స్టీలు సామాన్లు, అతనిది పట్టలు, మోకులు, గోనె సంచులు. అసలు పేరు భానుచందర్. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. వచ్చినవాళ్లు తాడు బేరం కంటే ముందు ఆ కాలి సంగతే అడుగుతారు. చందరన్నకు కావలసిందీ అదే.

మరిపెడ నుంచి మిర్చి తెచ్చిన మొగిలయ్య ఒకసారి అడిగాడు, "ఏమైంది సేటు కాలుకు?"

"బస్తాలు మామా. బండి మీదికెళ్లి మిర్చి బస్తాలు మీద పడ్డయి. ఇటు మోకాలు నొప్పి, అటు కండ్లమంట. కావాలంటే అనిల్‌నడుగు, బస్తాలు తీసింది వీడే."

అనిల్ అంటే నేను. చేతిలోని స్టీలు గంజు తుడుస్తూ తలూపాను.

హసన్‌పర్తి నుంచి కాలేజీ పిల్లలు టెంటు తాళ్ల కోసం వస్తే అదే మోకాలు కబడ్డీలో పోయింది. ఆఖరి కూతకు పోయి, మీద ముగ్గురు పడ్డా గీత ముట్టి వచ్చాడు. ఇంటి మీద కప్పుకోవడానికి పట్ట కొనవచ్చిన ముసలమ్మ అడిగితే, గుడిమెట్ల మీద ఎవరో పెద్దావిడ జారుతుంటే పట్టుకోబోయాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ అడిగితే దొంగ వెంట పరుగెత్తాడు. ఆ కానిస్టేబుల్ పోతూ పోతూ సెల్యూట్ కొట్టాడు. ప్రతిసారీ చివర "అనిల్‌నడుగు" తప్పదు. బస్తాలు ఎత్తింది నేను, కబడ్డీ చూసింది నేను, దొంగ చేతిలోంచి సంచి లాక్కున్నది కూడా నేనే.

మొగిలయ్య మళ్లీ వచ్చిన రోజు ఇంకెవరికో ఎద్దు కుమ్మిన కథ నడుస్తోంది. ఆయన పట్టేశాడు. "మొన్న బస్తాలన్నవ్, ఇయ్యాల ఎద్దంటానవ్?"

"బస్తాలు మోసుకొచ్చింది ఏంది మామా? బండి. బండిని గుంజింది?"

మొగిలయ్య కాసేపు ఆలోచించాడు. "ఎద్దే" అని ఒప్పుకొని మోకు కొనుక్కుని పోయాడు.

సాక్ష్యాలు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. బేరాల్లేని ఒక మధ్యాహ్నం అడిగేశాను. "అన్నా, నాతోని అయితలేదు. నిజమేందో నాకొక్కనికి చెప్పు."

"నిజం తెలిస్తే నువ్వు తడబడ్తవ్‌రా. తెల్వకపోవుడే మంచిది" అని గోనె సంచుల మీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

ఈ వానాకాలం ఆ మోకాలు పూర్తిగా మొండికేసింది. వాచింది. దుకాణం మెట్టు దిగుతుంటే ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయేది. రాత్రిళ్లు నిద్ర లేక చందరన్న ముఖం పీక్కుపోయింది. కథలు కూడా పొట్టివైపోయాయి. ఎవరైనా అడిగితే "ఎద్దు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేవాడు. అది చూసి నాకు భయమేసింది. చందరన్న భార్య యమున వదిన, నేను కలిసి బలవంతాన ఆటో ఎక్కించి హనుమకొండలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

ఆమె ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఈ పక్క ఎముకల మధ్య సందు ఉంది చూడండి. లోపలి పక్క దాదాపు మూసుకుపోయింది. మధ్యలో ఉండే మెత్తటి పొర అరిగిపోయింది. ఈ వయసుకు ఒక్క మోకాలే ఇంత అరిగిందంటే ఎప్పుడో లిగమెంట్ తెగి ఉంటుంది. దెబ్బ ఎట్ల తగిలింది?"

"ఎద్దు కుమ్మింది మేడమ్."

"ముందు నుంచా, పక్క నుంచా?"

"ముందు నుంచి" అని, ఆమె ముఖం ఒకసారి చూసి, "మీకు పక్క నుంచైతే మంచిదా?" అన్నాడు.

"అప్పుడు లోపల టప్పున చప్పుడైందా?"

"కబడ్డీల అందరు మొత్తుకుంటాంటే ఏం ఇనబడ్తది మేడమ్?"

"ఇప్పుడే ఎద్దన్నరు."

చందరన్న అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు. నేను గోడ మీది అస్థిపంజరం బొమ్మను శ్రద్ధగా చూడసాగాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అప్పుడే చూపించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఎందుకు చూపించుకోలేదు?"

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"స్కూటర్ మేడమ్" అంది యమున వదిన నెమ్మదిగా. "నేనే గుద్దిన. పక్క నుంచి."

పెళ్లైన కొత్తలో ఆమె బండి నేర్చుకుంటానందట. పొద్దున్నే ఎవరూ లేని మైదానానికి తీసుకుపోయాడు. బ్రేకు అనుకుని ఆమె ఎక్సలేటర్ తిప్పింది. ఆపబోయిన చందరన్న మోకాలు బండికీ నేలకూ మధ్య మెలిపడింది. ఇంటికొచ్చి, స్నానాల గదిలో జారానని తల్లికి చెప్పాడు.

"దవాఖానకు పోతే మా అమ్మ ఎంబడి వస్తది" అన్నాడు చందరన్న, దొరికిపోయినవాడిలా నేల చూస్తూ. "డాక్టర్ అడుగుతడు. ఈమెకు అబద్ధం చెప్పుడు రాదు. కొత్తగ వచ్చిన పిల్ల. కూరల ఉప్పెక్కువైందని మా అమ్మ అప్పటికే ఈమెతోని మాట్లాడుతలేదు. ఇగ కొడుకు కాలు ఇరగ్గొట్టిందని తెలిస్తే ఆ ఇంట్ల బతుకనిస్తదా? అందుకే కట్టు కట్టించుకుని ఊకున్న."

"మరి ఇన్ని కథలెందుకన్నా?" అన్నాను.

"ఒక్కటే చెప్తే అందరు కలిసి ఆరా తీస్తరు. మనిషికొకటి చెప్తే నవ్వుకుని పోతరు."

వదిన కళ్లు తుడుచుకుంది. "మానిందన్నవ్ గద నాతోని. లోపల తెగిందని ఎందుకు చెప్పలే?"

"నా కండ్లల్ల ఏమన్న ఎక్స్‌రే మిషనుందా? నాకు మాత్రమేం తెల్సు" అన్నాడు విసుగ్గా.

డాక్టరమ్మ ఇప్పుడే ఆపరేషన్ వద్దంది. తొడ కండరాలు గట్టిపడే ఎక్సర్‌సైజులు చెప్పింది, బరువు తగ్గమంది, కింద కూర్చోవద్దంది. ఆటోలో ముగ్గురం తిరిగి వచ్చాం. ఇల్లు చేరి చందరన్నను పడుకోబెట్టాక వదిన నేరుగా అత్త చిలుకమ్మ మంచం దగ్గరికి పోయింది.

"అత్తమ్మా, మీ కొడుకు కాలు ఇరగ్గొట్టింది నేను. స్కూటర్‌తోని గుద్దిన. ఇన్నేండ్లు మీకు చెప్పలే."

ముసలమ్మ కోడల్ని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత నీరసంగా నిట్టూర్చింది.

"వాని కథలతోనే చెవులు నొస్తానయి, నువ్వు గూడ షురూ చేసినవా బిడ్డా? చెప్తే జర అతికేటట్టు చెప్పాలె. నీకు బండే రాదు, నువ్వు గుద్దుడేంది? దానికంటె వాని ఎద్దే నయం. పో, ఛాయ్ పెట్టుపో."

పక్క గదిలో చందరన్న మంచం మీద పడుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు కాలు నిటారుగా పైకెత్తి ఉన్నాడు. అది విని నవ్వు పట్టలేక కాలు వదిలేశాడు. దబ్బున పడింది. నొప్పికి మూలుగుతూనే, దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు. వదిన గుమ్మంలో నిలబడి కాసేపు కోపంగా చూసి, ఆ తర్వాత తనూ నవ్వే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.