ఆరు చుట్లు, వంద మీటర్లు

దరఖాస్తులో పదకొండో ప్రశ్న: ఈత వచ్చునా? పక్కన కూర్చున్న కేరళ సిపాయి పెన్ను ఎత్తకుండా "వచ్చు" అని రాసేశాడు. వాడి ఇంటి వెనకాలే నీళ్ళట. నేను పత్తికొండ వాణ్ణి. మా ఇంటి వెనకాల రెండు బోర్లున్నాయి, రెండింట్లోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అయినా నేనూ "వచ్చు" అనే రాశాను. సైన్యంలో చేరి నాలుగేళ్ళయింది. ప్రత్యేక దళం శిక్షణకు పేర్లు అడుగుతున్నారని తెలిసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పైగా మా పటాలం నుంచి ఎవరికైనా ఒక్కసారే అవకాశం. తప్పితే మళ్ళీ అడగడానికి లేదు. అంతటి దాన్ని ఒక్క నీళ్ళ మాట కోసం వదులుకుంటానా?

ఎంపికలో మొదటిది వీపున బరువుతో నలభై కిలోమీటర్ల నడక. దాని గురించి నాకు బెంగ లేదు. టమోటా క్రేట్లు మోసి మోసి మొద్దుబారిన వీపు ఇది. రెండోది చెరువులో వంద మీటర్ల ఈత, ఒంటి మీది యూనిఫారంతోనే. అందుకని నెల రోజులు సెలవు పెట్టి ఊరికి వచ్చాను. దేశంలో ఇన్ని నదులుండగా ఈత నేర్చుకోవడానికి పత్తికొండకు వచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

నాయన అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చి కూర్చున్నాడు. సంగతి విని తువ్వాలతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు.

"ఈడ తాగేకే ట్యాంకరు కోసం కాచుకోనుండాము. నువ్వు ఈదేకి వచ్చినావా? ఇసకలో ఈదే పరీక్ష పెట్టమని మీ ఆఫీసరుకు చెప్పుపో."

నవ్వు అయ్యాక ఆయనే దారి చెప్పాడు. "మీ అత్త తావకి పో. ఆయమ్మకు నీళ్ళ సంగతి తెల్సు."

అత్త అంటే నాయనకు అక్క. అరవై దాటింది. పత్తికొండకు నాలుగు కోసుల దూరంలో పల్లంలో ఉన్న చిన్న ఊరు ఆమెది. ఆ ఊళ్ళో గుండ్రటి రాతి బావి ఒకటుంది. నీళ్ళు ఉప్పన గనుక ఎవరూ దానికి మోటారు పెట్టలేదు, అందుకే ఆ నీళ్ళు బతికిపోయాయి. వెనకటి రోజుల్లో గిన్నెలకూ బట్టలకూ అందరూ అక్కడే చేదుకునేవారు. తాడు తెగి బిందె మునిగితే కొక్కేల గుత్తి వేసి వెదికేవారు. అదీ దొరక్కపోతే మా అత్తను పిలిచేవారు. ఆమె చీర కుచ్చెళ్ళు బిగించి దూకి, అడుగున కళ్ళు తెరిచి వెదికి, బిందెతో పైకి వచ్చేదట. పెళ్ళయ్యాక కూడా. బిడ్డలు పుట్టాక కూడా.

నేను నడుముకు కట్టుకుందామని ఖాళీ నూనె డబ్బా తీసుకెళ్ళాను. అత్త దాన్ని లాక్కుని అవతల పారేసింది.

"డబ్బా కట్టుకుంటే డబ్బాకు ఈత వస్తాది, నీకు రాదు. దా అల్లుడా."

నడుముకు తాడు కట్టి, కొస చేతిలో పట్టుకుని, నన్ను మెట్టురాళ్ళ మీద నుంచి నీళ్ళలోకి దించింది. మొదటి రోజు నేను తాగిన ఉప్పునీళ్ళతో ఒక ఆవుకు కుడితి కలపొచ్చు. చర్చికి పోతున్న పెద్దాయన ఒకాయన ఆగి బావిలోకి తొంగి చూశాడు.

"ఎవరికమ్మా బాప్తిస్మం?"

"మిలిట్రీ అల్లుడికి."

"దానికి ఒక్క మునక సాలు గదమ్మా. ఇదేంది, ఇరవై మునకలు ఏపిస్తాండావు?"

అత్తకు ఒకటే పద్ధతి. కుడిచేతి పక్కన గోడ ఉంచుకోవాలి, దాన్ని వదలకూడదు, తల నీళ్ళలో ముంచి కళ్ళు తెరవాలి. నేను కింద చుట్టూ ఈదుతుంటే ఆమె పైన తాడు పట్టుకుని బావి చుట్టూ నడిచేది. గానుగెద్దుకు ఈత నేర్పినట్టుండేది వ్యవహారం. పదో రోజుకు తాడు విప్పేసింది. ఇరవయ్యో రోజుకు నాకే ఆశ్చర్యమేసేటట్టు ఈదాను. గట్టు మీద అడుగులు వేసి కొలుచుకున్నాను: ఆరు చుట్లు తిరిగితే వంద మీటర్లు. నేను ఆగకుండా ఇరవై చుట్లు తిరిగాను. అత్త గట్టు మీద కూర్చుని వక్కాకు నములుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో వేలు మడిచింది. బయలుదేరే రోజు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "గెల్చే వస్తావు పో" అంది.

నడక పరీక్షలో నాకు ఎదురు లేకపోయింది. మధ్యాహ్నానికి సగం మంది నీళ్ళు నీళ్ళని కలవరించారు. కేరళ సిపాయి వేప చెట్టు కింద కూలబడ్డాడు, వాణ్ణి లేపి కొంత దూరం నేనే లాక్కెళ్ళాను. నా సీసాలో చివరిదాకా సగం నీళ్ళు మిగిలాయి. ఏ ఊరు నీది అని అడిగాడు శిక్షకుడు. కర్నూలు జిల్లా అన్నాను, రొమ్ము విరుచుకుని. నీళ్ళు లేని చోట నన్ను మించినవాడు లేడు. ఆ రోజు అది గొప్పే అనుకున్నాను.

మర్నాడు ఉదయం చెరువు దగ్గర వరుసగా నిలబెట్టారు. వంద మీటర్ల అవతల నీళ్ళలో తేలుతూ ఒక ఎర్ర డ్రమ్ము. దాన్ని ముట్టుకుంటే చాలు. కేరళ సిపాయి బాతులా పోయి ముట్టేశాడు. నా పేరు పిలిచారు. దూకాను. అత్త చెప్పినట్టే తల ముంచాను, కళ్ళు తెరిచాను, చేతులు వేశాను. ఊపిరికి తల తిప్పినప్పుడల్లా ఆకాశమే కనబడింది, డ్రమ్ము వైపు చూడాలని తోచనే లేదు. బావిలో ముందుకు చూసేదేముంది? లోపల లెక్క పెట్టుకుంటున్నాను: నాలుగు చుట్లయ్యాయి, అయిదు, ఇదిగో ఆరు. చేతికి బురద తగిలింది. గెలిచానురా దేవుడా అని లేచి నిలబడి, కళ్ళలో నీళ్ళు తుడుచుకుని, ఎదురుగా కనబడ్డ బూట్లకు సెల్యూట్ కొట్టాను.

అవి శిక్షకుడి బూట్లే. నేను బయలుదేరిన గట్టే.

"ఎక్కడికి వెళ్ళొచ్చావు?" అని అడిగాడాయన, చాలా మర్యాదగా. వెనక నలభై మంది పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనకు జాలేసి ఇంకోసారి దూకమన్నాడు. ఈసారి తల పైకెత్తి, డ్రమ్మునే చూస్తూ ఈదాను. ఒళ్ళు మాత్రం ఎడమకే తిరిగింది. కుడి పక్కన లేని గోడను వదలనంటుంది నా చెయ్యి. చివరికి తుంగలో తేలాను. సాయంత్రానికి నా పేరు కొట్టేశారు. ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే కేరళ సిపాయి వచ్చి పక్కన కూర్చుని నా చొక్కాలు మడతపెట్టాడు. వాడు నవ్వినా బాగుండేది.

పది రోజుల సెలవు దొరికితే ఊరికి వచ్చి, అడిగినవాళ్ళందరికీ మోకాలు దెబ్బతిందని చెప్పాను. నాయనకు కూడా అదే చెప్పి, ఆయన ముందు రెండు రోజులు కుంటుతూ నడిచాను. అత్త దగ్గర మాత్రం అబద్ధం రాలేదు. బావి గట్టు మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. సెల్యూట్ కొట్టిన చోటికి వచ్చేసరికి ఆమె నవ్వింది, నోట్లో వక్కాకు కింద పడేంతగా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పు నాది గదప్పా. నాకు తెల్సిన నీళ్ళు ఇంతే. ముందుకు పోతే గోడ, తిరుక్కోవాల్సిందే. అరవై ఏండ్లొచ్చె, నేను నేరుగా ఈదిందే లేదు."

ఇంత బాధ నాకు పేరు కొట్టేసిన రోజు కూడా కలగలేదు. కొంగు దింపి ఆమే అడిగింది.

"అన్ని నీళ్ళు ఒక్క తావ ఉంటాయా? తుంగభద్రను బస్సులోంచి చూసినానంతే. దిగింది లేదు. నన్ను ఒగసారి తీసకపో."

సెలవు ముగిసేలోపు తీసుకెళ్ళాను. తుంగభద్రలో ఇసకే తప్ప నీళ్ళు లేవని కర్నూలులో బస్సు మారి, ఆత్మకూరు దాటి, వెలుగోడు రిజర్వాయరు. అత్త గట్టు మీద నిలబడి అటు చివరనున్న నల్లమల కొండలదాకా చూసింది. గుండ్రటి పుట్టిని నీళ్ళలోకి తోస్తున్న చేపలాయన "యాడికి పెద్దమ్మా?" అని కేకేశాడు. ఆమె చెప్పులు నాకిచ్చి, కుచ్చెళ్ళు బిగించి, మోకాళ్ళ లోతుకు, నడుము లోతుకు దిగి, తల ముంచింది.

ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు ఎడమకు తిరుగుతుంది అని నేను కాచుకుని ఉన్నాను. ఆమె చెయ్యి కుడి పక్కకు ఒకసారి చాచి తడుముకుంది. ఏమీ తగల్లేదు. మళ్ళీ చాచింది. ఆ తర్వాత చాచలేదు. నాకు పెట్టిన వంద మీటర్లు ఎక్కడికి వస్తాయో నాకు తెలుసు, ఆమె అది దాటేసింది. నాకు భయమేసి "అత్తా, వెనక్కి రా!" అని అరిచాను, చేపలాయన పుట్టి వేసుకుని ఆమె వెంట పడ్డాడు. పుట్టి అంచు పట్టుకుని తిరిగి వచ్చిందామె, రొప్పుతూ, మొహమంతా వెలిగిపోతూ. ఆమె రెండు చెప్పులూ చేతిలో పట్టుకుని నేను ఏడుస్తున్నాను.

"గోడ వస్తాది, గోడ వస్తాది అని చూస్తాంటి," అంది చీర పిండుకుంటూ. "రాలేదప్పా."