పదహారంటే అనంతం అన్నాడు మా మురళి

నిన్న ఉదయం కాఫీకి పాలు పెట్టాను. గుంటూరు నుంచి పద్మ ఫోన్ చేసింది. పద్మ మా చెల్లెలి కోడలు, మురళి భార్య.

"పెద్దత్తయ్యగారూ, ఆయన పోయారు" అంది.

స్టవ్ కట్టేశాను. పాలు పొంగలేదు. అది మాత్రం గుర్తుంది.

మురళి కోల్డ్ స్టోరేజీలో రౌటర్ మార్చడానికి పొద్దున్నే వెళ్లాడట. నిచ్చెన దిగి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపే ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు గానీ లాభం లేకపోయింది.

నలభై ఆరేళ్లు. పోయే వయసు కాదు.

మా వైపు పత్తి మిల్లుల్లో, మిర్చి గోడౌన్లలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయంటే చాలాచోట్ల వాడి చలవే.

సత్తెనపల్లిలో పత్తి గింజలు తీసే మా జిన్నింగ్ మిల్లుకి, గుంటూరు గోడౌనుకి, పిడుగురాళ్ల ఆఫీసుకి కనెక్షన్ పెట్టిందీ వాడే. బిగించే ముందు మూడు రౌటర్లూ నా టేబుల్ మీద వరసగా పెట్టి, వాటి మీద ఊళ్ల పేర్లు అంటించాడు. నేను మిల్లు లెక్కలు చూసుకుంటున్నాను. వాడు జరగమంటే నేను జరగలేదు.

"వీటికి ఆర్.ఐ.పి., అంటే రిప్ పెడుతున్నా పెద్దమ్మా" అన్నాడు.

"పోయినవాళ్లకి పెట్టే మాట కదరా, కొత్త పెట్టెలకి అదేం పాడు మాట?"

"రౌటింగ్ ఇన్ఫర్మేషన్ ప్రోటోకాల్. పేరు పెట్టింది నేను కాదు, నన్ను తిట్టకు."

తరవాత విడమర్చి చెప్పాడు. ఏ రౌటరుకీ దారి మొత్తం తెలియదు. పక్క రౌటరు చెప్పిందే తెలుసు. అర నిమిషానికోసారి ప్రతిదీ తన పక్కవాటికి చెబుతుంది, నా మీదుగా వెళితే ఫలానా చోటు ఇన్ని మజిలీల దూరం అని. విన్న రౌటరు ఆ లెక్కకి ఒకటి కలుపుకుని నమ్మేస్తుంది.

"మన చుట్టాల్లాగే" అన్నాను.

"చుట్టాలకన్నా నయం. ఇవి లెక్క చెబుతాయి."

టైప్ చేస్తూ చేస్తూ ఒకచోట ఆగి నవ్వాడు. "నో ఆటో సమ్మరీ. ఇది నీ కమాండే. అన్నీ కలిపి ఒక్కముక్కలో చెప్పొద్దు, విడివిడిగా చెప్పు అని దీని అర్థం."

నాకు నచ్చింది ఆ కమాండు.

అప్పుడు ఒక తమాషా చూపించాడు. మామూలుగా ఉండే జాగ్రత్తలన్నీ తీసేసి, గుంటూరు వైరు పీకేశాడు. సత్తెనపల్లి నుంచి గుంటూరుకి ఇక దారి లేదు. కానీ పిడుగురాళ్ల అంతకుముందు సత్తెనపల్లి దగ్గరే విన్న పాతమాట తిప్పి చెప్పింది, గుంటూరుకి నాకు దారి ఉంది, రెండే మజిలీలు అని. సత్తెనపల్లి అది నమ్మి మూడు అంది. దాన్ని చూసి పిడుగురాళ్ల నాలుగు అంది. ఐదు, ఆరు.

దారి లేదు. ఉందనే మాట మాత్రం రెండింటి మధ్యా తిరుగుతూనే ఉంది.

"అబద్ధాలకోర్లు" అన్నాను.

"కాదు పెద్దమ్మా. ఏదీ అబద్ధం ఆడట్లేదు. ఒకదాన్ని చూసి ఒకటి ఆశపడుతున్నాయి."

పదహారు దగ్గర ఆగిపోయాయి. ఇక్కడ పదహారంటే అనంతం అన్నాడు. దారి లేనట్టే.

ఊరుకోలేకపోయాను. రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. "పదహారు పదహారేరా. పదిహేడు ఏమైంది?"

"అక్కడిదాకా పోనివ్వకూడదు. అసలు పదహారుదాకా ఆగడమే తప్పు. వైరు తెగిందని ముందు తెలిసినవాడే వెంటనే పదహారు అని చెప్పేయాలి. వాడు తటపటాయిస్తే పాతమాటే తిరుగుతుంది."

నిన్న ఆ మాటే పనికొచ్చింది.

పద్మ తన అత్తగారికి చెప్పలేకపోయింది. మా చెల్లెలు పిడుగురాళ్లలో కూతురు సుజాత దగ్గర ఉంది. చెల్లెలికి గుండెజబ్బు. సాయంత్రానికల్లా దహనం అనుకుంటున్నారు.

ఫోన్ చేస్తే చెల్లెలే ఎత్తింది. "మురళికి ఒంట్లో బాగాలేదంట అక్కా. ఆస్పత్రిలో పెట్టారంట. పర్వాలేదని సుజాత చెప్పింది."

సుజాతని అడిగాను. "బాబాయ్ చెప్పాడు పెద్దమ్మా, పర్వాలేదంట."

వాళ్ల బాబాయ్‌కి చేశాను. ఆయన నరసరావుపేటలో ఉంటాడు. "సుజాత ఇప్పుడే చెప్పింది వదినా, పర్వాలేదంటగా" అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ గుంటూరుకి ఫోన్ చేయలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మా నలుగురిలో వైరు తెగిందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

కారు పిలిపించుకుని పిడుగురాళ్ల వెళ్లాను. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. దారంతా ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ నిలవలేదు.

చెల్లెలు వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి, "వాడికి పర్వాలేదంటే నువ్వెందుకొచ్చావే ఇంత ఎండలో?" అంది.

పక్కన కూర్చున్నాను. "మురళి లేడమ్మా."

"సుజాత పర్వాలేదంది."

"సుజాతకి తెలియదు. మీ మరిదికీ తెలియదు. పద్మ నాకు చెప్పింది."

చేతిలో కాయ కింద పెట్టేసింది. "నువ్వు చెప్పావంటే ఇంక లేడే" అంది.

ఎండ వాలకముందే గుంటూరు చేరాం. వాళ్లమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుంది. నుదుటి మీద జుట్టు వెనక్కి దువ్వింది. పద్మ వచ్చి దాని భుజం మీద వాలిపోయింది.

ఆ ఒక్కటైనా దక్కింది.

నిన్నటి నుంచి వాడి ఫోటో కింద అందరూ ఆర్.ఐ.పి. అని పెడుతున్నారు. పెట్టండి, తప్పు లేదు. నాకు మాత్రం ఆ మూడక్షరాలు చూస్తే నా టేబుల్ మీద మూడు పెట్టెలూ, వాటి వెనక వాడి నవ్వూ కనిపిస్తున్నాయి.

నాన్నా మురళీ, నువ్వన్నట్టే చేశాను. ముందు తెలిసినదాన్ని నేనే కాబట్టి నేనే చెప్పాను.

పదహారు అనంతం కాదని నీతో వాదించాను. ఇప్పుడు నీకూ మాకూ మధ్య ఉన్న దూరం ఎంతో నాకు లెక్క తెలియదు.

నువ్వు చల్లగా నిద్రపో, తండ్రీ.